ఆరు పౌన్ల గాలి

ఇస్కపల్లి నుంచి వచ్చిందా బండి.
రెండే సీట్లు, నేలకి జానెడెత్తు,
రొయ్యల మేత సంచి ఒక్కటి పట్టని డిక్కీ.
చెన్నైలో ఎవరో సేటు వాడి వదిలేసిందంట.
"దీనికి ఊపిరి చాల్లేదు మస్తానన్నా,
టర్బో ఎక్కించు" అన్నాడు గిరిధరు.

నాకు డ్రైవింగు రాదు.
నెల్లూరు ఆటోనగర్లో ముప్పై ఏళ్లుగా
ఇంజన్ల పొట్టలు కోసి కుడుతున్నా
స్టీరింగు పట్టింది, బండిని షెడ్డులోకి తోసేటప్పుడే.

పాత ఇనుము చెంచయ్య కొట్లో
బోల్తా పడ్డ డీజిలు కారుది దొరికింది.
నత్తగుల్ల లాంటి డొల్ల, లోపల గుప్పిట్లో పట్టే చక్రం.
వేలు తగిలిస్తే చాలు, తిరుగుతానే ఉంది.
బండి పోయిందని దానికెవరూ చెప్పినట్టు లేదు.

పని చెప్పుకుంటే ఇంతే:
పొగగొట్టంలో ఊరికే పోయే సెగని
ఆ చక్రం మీదికి మళ్లించాలి.
అదే ఇరుసుకి అటు చివర ఇంకో చక్రం
బయటి గాలిని లాగి, నొక్కి, ఇంజను నోట్లో కుక్కుతుంది.
వదిలేసిన ఊపిరే
కొత్త ఊపిరిని తోలుకొస్తుంది.

చెప్పినంత సులువా?
మానిఫోల్డు అతుకు మూడుసార్లు నెర్రె ఇచ్చింది.
నొక్కిన గాలికి జ్వరమొస్తే
నుదుటి మీద తడిగుడ్డలాగా
బంపరు వెనక ఒక కూలరు బిగించాను.
ఆయిలు గొట్టం వంపు కుదరక
రొట్టెల పండగ నాడు కూడా షెడ్డులోనే.
"నీకే రొట్టె పట్టుకురానయ్యా?" అని ఫోనులో మా ఆవిడ.
"లీకు ఆగే రొట్టె ఉంటే చూడు" అన్నాను.
ఆరోగ్యం రొట్టె తెచ్చింది.
సగం తిని, సగం పానాల పెట్టె మీద పెట్టాను.
సాయంత్రానికి లీకు ఆగింది, ఎవరి పుణ్యమో.

"పన్నెండు పౌన్లు పెట్టన్నా."
"ఆరు.
సొంత ఊపిరితో బతకను పుట్టిన ఇంజనిది.
ఆరుకి ఒప్పుకుంటది. ఆశపడితే పిస్టను కరిగిపోద్ది."

రాత్రి పదకొండు. అల్లూరు దాటాక
రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల గుంటలు,
నీళ్లని చిలుకుతా గాలి చక్రాలు, వాటి మీద తెల్ల లైట్లు.
తొక్కాడు.
ఏమీ లేదు.
ఏమీ లేని ఆ రెప్పపాటులో
నా ముప్పై ఏళ్ల పేరంతా గొంతులో అడ్డంపడింది.
అప్పుడొచ్చింది,
ఈల మాదిరి మొదలై
వీపుని సీటుకి అతికించి,
సూది నాలుగు, అయిదు, ఆరు.
నోట్లో వక్క మింగేశాను.

ఎదర లైట్లన్నీ ఒక్కసారే ఆరిపోయాయి.
గిరిధరు కాలు తీశాడు.
బండి *ఉస్స్* మంది.
ఆ వెనకే నిశ్శబ్దం. ఒక్క చక్రమూ తిరగడం లేదు.

తలుపు బార్లా తీసి, ఇంజను ఆపకుండానే
కట్ట మీద చీకట్లో పరిగెత్తాడు.
వెనకాలే నేను.
కాపలా పోలయ్య జనరేటరుని తిట్టి, తన్ని, దణ్ణం పెట్టి చూశాడంట.
టార్చి వెలుగులో నీళ్ల పైకి తేలి వస్తున్నాయి
రొయ్యలు, మీసాలెత్తి,
వేలకి వేలు, చప్పుడు లేకుండా.

డీజిలు గొట్టంలో గాలి పట్టింది.
నెలంతా ఒక ఇంజనులోకి గాలి కుక్కినోణ్ణి
స్క్రూ వదులు చేసి, బొటనవేలితో పంపు కొట్టి
బుడగ బుడగా గాలి బయటికి తీస్తా కూచున్నా.
నురగ పోయి నూనె నిండుగా కారినాక
"తిప్పు పోలయ్యా" అన్నాను.
గుక్కపట్టిన బిడ్డలాగా ఆగి, అందుకుంది.
గుంట తెల్లగా నురగలెత్తింది.

గిరిధరు కట్ట మీదే చతికిలబడ్డాడు.
ఎన్ని పోయాయని నేనడగలేదు,
పన్నెండు మాట అతనూ ఎత్తలేదు.

బండి దగ్గరికి నేనే నడిచాను.
వదిలేసిన చోటే, తలుపు తెరిచే, గునుస్తా ఉంది.
మంచిదే. పరుగు పెట్టిన టర్బోని టక్కున ఆపకూడదు.
మొదటిసారి స్టీరింగు వైపు కూచున్నా.
పెడలు జోలికి పోలేదు.
తాళం తిప్పి ఆపాను.
లోపల చక్రం ఇంకాస్త తిరిగింది,
సన్నగా,
ఆగిందాకా విన్నాను.